తలాంతును దాచిపెట్టని గణిత గురువు



మన పిల్లలలో పలువురు పదవ తరగతి దాటగానే లెక్కలు విడిచిపెట్టుచున్నారు. ఆ చదువు మనవంటివారికి కాదని తలిదండ్రులే అనుట మేము వినుచున్నాము. అందుచేత ఈ మారు ఒక గణిత గురువు జీవితమును జ్ఞాపకము చేసికొందుము.

ఆచార్య ఆర్. వైద్యనాథస్వామిగారు 1894లో జన్మించిరి. ఆయన మన విశ్వాసమువారు కారు, తెలుగువారును కారు. అయినను ఆయన జీవితములో మనము నేర్చుకొనదగినది కలదు. స్కాట్లాండులోని సెంట్ ఆండ్రూస్‌లో టర్న్‌బుల్ దొరగారి యొద్దను, కేంబ్రిడ్జిలో బేకర్ దొరగారి యొద్దను పరిశోధన చేసి, స్వదేశమునకు తిరిగివచ్చి, మద్రాసు విశ్వవిద్యాలయములో 1952 వరకు పనిచేసిరి. సంఖ్యలనుగూర్చి ఆయన వ్రాసిన పెద్ద వ్యాసము 1931లో అమెరికా గణిత సంఘపు పత్రికలో వెలువడెను. భారత గణిత సంఘపు పత్రికకు అనేక సంవత్సరములు సంపాదకులుగా నుండి ఇతరుల వ్రాతలను ఓపికతో దిద్దిరి.

తరువాత ఆయన మనస్సు టోపాలజీ మీద నిలిచెను. అదేమనగా, గారెపిండిని తెంపక, అతికింపక ఎంత సాగదీసినను నడిమి రంధ్రము పోదు గదా! ఆకారము మారినను మారక నిలుచు గుణములను వెదకు శాస్త్రమే అది. అందులో బిందువుల సమూహములకు సంబంధించిన భాగము ఆయనది.

ఆ దినములలో ఈ విద్య నేర్వగోరు మన దేశపు విద్యార్థికి విదేశీ గ్రంథములే దిక్కు. స్వామిగారు తమ పరిశోధనతో తృప్తిపడి యూరకుండవచ్చును. అట్లు చేయక, ఏబది దాటిన వయస్సులో, 1947లో, సమితి టోపాలజీపై పాఠ్యగ్రంథము ప్రకటించిరి. మన దేశములో ఈ విషయముపై వెలువడిన మొదటి పాఠ్యగ్రంథము అదే. 1960లో ఆయన కన్నుమూసిరి. ఆ గ్రంథము అమెరికాలోను మరల అచ్చయినది.

విరమణ పొందిన పిదప కూడ ఆయన విశ్రమింపలేదు. కలకత్తాలోని భారత గణాంక సంస్థలోను, 1954లో స్థాపింపబడిన తిరుపతి వేంకటేశ్వర విశ్వవిద్యాలయములోను పనిచేసిరి. ఆ విధముగా తెలుగు బిడ్డలకును ఆయన విద్య అందెను.

ప్రియులారా, మన పెరియకుళమునకు దగ్గరనున్న మదురైలో 1966 నుండి విశ్వవిద్యాలయమున్నది. త్రోవ దూరము కాదు, భయమే దూరము. లెక్కలు తెలిసినవారు ఆదివారము ఆరాధన తరువాత ఒక గంట సంఘపు పిల్లలకు నేర్పవలెనని మేము బతిమాలుకొనుచున్నాము. తలాంతు దాచిపెట్టుటకు ఇయ్యబడలేదు.