ధమనిలో దారి తీసిన డాటర్

గుండె నుంచి కాళ్లకు నెత్తురు మోసే ధమనుల లోపలి గోడలపై కొవ్వు, సున్నం పేరుకొని దారి ఇరుకైతే, నాలుగడుగులు వేయగానే పిక్కలు పట్టేస్తాయి. దారి మరింత మూసుకొంటే పుండు మానదు; వేళ్లు నల్లబడతాయి. 1960ల తొలినాళ్లలో ఇటువంటి రోగికి పెద్ద శస్త్రచికిత్సే దిక్కు. అది సాధ్యం కానప్పుడు కాలు తీసివేసేవారు. ఈ స్థితిని మార్చిన వైద్యుడు చార్లెస్ డాటర్.

1920లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జన్మించిన డాటర్ శస్త్రవైద్యుడు కాదు; ఎక్స్‌రేల సాయంతో వ్యాధిని గుర్తించే రేడియాలజిస్టు. 1952లో, 32 ఏళ్లకే, పోర్ట్‌లాండ్‌లోని ఒరెగాన్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో ఆ శాఖకు అధిపతి అయ్యారు. చిత్రం తీసి ఇవ్వడంతో రేడియాలజిస్టు పని ముగిసే కాలమది. ఆ గీత దాటాలన్నదే ఆయన తపన.

1963లో ఒక రోగికి పరీక్ష చేస్తూ క్యాథెటర్ అనే సన్నని గొట్టాన్ని గజ్జల వద్ద ధమని గుండా పైకి పంపినపుడు, అది మూసుకుపోయిన కటి ధమనిలోంచి దూసుకుపోయింది. అనుకోకుండా దారి తెరుచుకొంది! మరొకరైతే అదృష్టమనుకొని మరచిపోయేవారేమో. డాటర్ అందులో ఒక చికిత్సను చూశారు. గిటారు తీగలతో సైతం ప్రయోగాలు చేసి పరికరాలు సిద్ధం చేసుకొన్నారు.

పాదానికి గ్యాంగ్రీన్ సోకిన 82 ఏళ్ల వృద్ధురాలు ఆయన వద్దకు వచ్చింది. కాలు తీయకతప్పదని వైద్యులు చెప్పినా ఆమె ససేమిరా ఒప్పుకోలేదు. 1964 జనవరి 16న డాటర్ ఆమె తొడ ధమనిలోకి ముందుగా సన్నని తీగను, దాని మీదుగా ఒక గొట్టాన్ని, దానిపై మరింత లావు గొట్టాన్ని పంపి ఇరుకును వెడల్పు చేశారు. పెద్ద కోత లేదు. సూది గుచ్చిన రంధ్రమే. చల్లబడిన పాదం వెచ్చబడింది. పుండు మానింది. సుమారు రెండున్నరేళ్ల తర్వాత న్యుమోనియాతో కన్నుమూసే దాకా ఆమె కాలు ఆమెకు దక్కింది.

సహచరుడు మెల్విన్ జడ్కిన్స్‌తో కలిసి డాటర్ ఈ పద్ధతిని అదే ఏడాది ప్రకటించారు. స్వదేశంలో ఆదరణకు బదులు ఎగతాళి ఎదురైంది. ఒక శస్త్రవైద్యుడైతే రోగిని పంపుతూ, ధమనిని చూడటమే తప్ప బాగుచేయవద్దని చీటీపై రాసి పంపారు! ఐరోపా వైద్యులు మాత్రం ఆ పనికి డాటర్ పేరే పెట్టుకొన్నారు. వారి నుంచి నేర్చిన ఆండ్రియాస్ గ్రున్‌ట్సిగ్ 1974లో జ్యూరిచ్‌లో గొట్టానికి బుడగ అమర్చి ధమనిని వెడల్పు చేశారు.

డాటర్ పద్ధతి పూడికను పక్కకు నెట్టేదే గాని తొలగించేది కాదు. 1980లలో క్యాథెటర్ కొసన చిన్న బ్లేడు అమర్చి, పూడికను చెక్కి వెలికితీసే అథెరెక్టమీ వచ్చింది. దానికీ ఆధారం ఆ సూది రంధ్రమే, ఆ తీగ బాటే.

హాడ్‌కిన్స్ అనే క్యాన్సర్ సోకినా డాటర్ పర్వతారోహణ మానలేదు. 1985 ఫిబ్రవరి 15న మరణించే నాటికి ఆయన ఇంకా ఆ శాఖాధిపతే. 1990లో పోర్ట్‌లాండ్‌లో ఆయన పేరిట ఒక చికిత్సా పరిశోధన సంస్థ వెలసింది.