శ్రీకృష్ణదేవరాయల యుద్ధతంత్రం - కళింగ, రాయచూరు దండయాత్రలు

శ్రీకృష్ణదేవరాయలను సాహితీసమరాంగణ సార్వభౌముడని కీర్తించడం మనకు పరిపాటి. ఆ బిరుదులోని సాహితికి మన కళాశాలల్లో జరిగినంత చర్చ సమరాంగణానికి జరగలేదు. రాయలను సేనానిగా పరిశీలించేవారు సాధారణంగా రాయచూరుతో ఆరంభిస్తారు. ఉదయగిరితో ఆరంభించడమే సమంజసమని నా అభిప్రాయం.

తుళువ నరసనాయకునికి నాగలాంబయందు జన్మించిన రాయలు 1509లో సింహాసనమధిష్ఠించాడు. నాటికి ఉదయగిరి, కొండవీడు గజపతుల అధీనంలో ఉన్నవి. 1513లో ఆరంభమైన ఉదయగిరి ముట్టడి 1514లో గాని ముగియలేదు. అది గిరిదుర్గం. పైకి పోయే త్రోవ మిక్కిలి ఇరుకైనది. సేన ఎంత పెద్దదైనా అక్కడ సంఖ్యాబలం నిరర్థకం. రాయలు బండలు పగులగొట్టించి, కొండల నడుమ క్రొత్త బాటలు వేయించి, బురుజుల చెంతకు సేనను చేర్చినట్లు పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాశాడు. ఈ విజయం కత్తులకంటె గునపాలకు ఎక్కువ ఋణపడి ఉన్నది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని రాయలు విజయనగరానికి తరలించి ఆలయం కట్టించాడు.

1515లో కొండవీడు వశమైంది. గజపతి కుమారుడు వీరభద్రుడు పట్టుబడినాడు. సేనలు సింహాచలం దాకా సాగినవి. పొట్నూరులో జయస్తంభం నిలిచింది. తరువాత జరిగినదే గమనింపదగినది. రాయలు గజపతి కుమార్తెను వివాహమాడి, కృష్ణకు ఉత్తరాన గెలిచిన భూమిని తిరిగి ఇచ్చివేశాడు. దీనిని ఔదార్యమనడం పాక్షికసత్యమే. ఆ దుర్గాలన్నింటా సేనలను నిలిపితే, పశ్చిమాన ఆదిల్‌షాను ఎదిరించడానికి మిగిలేదెంత?

ఆ దండయాత్రాకాలంలోనే శ్రీకాకుళాంధ్రవిష్ణువు స్వప్నంలో ఆముక్తమాల్యదా రచనకు ఆదేశించినట్లు రాయలే ఆ కావ్యంలో చెప్పుకొన్నాడు. అందులో యామునాచార్యుడు కుమారునికి ఉపదేశించిన రాజనీతిలో, ఆటవికులను మైత్రితో వశపరచుకోవాలనీ, రేవులను అభివృద్ధిచేసి ఏనుగులు, గుఱ్ఱాలు శత్రువులకు చేరకుండా చూడాలనీ ఉన్నది. కొండదారుల అనుభవం లేనివాడు మొదటి మాట చెప్పగలడా అని నాకు సందేహం.

1520 నాటి రాయచూరు యుద్ధం వేరు స్వభావం గలది. న్యూనిజ్ చెప్పిన ఏడు లక్షల పైచిలుకు కాల్బలాన్ని మనం యథాతథంగా స్వీకరించలేము. అయితే యుద్ధక్రమం విశ్వసనీయంగా ఉన్నది. ఇస్మాయిల్ ఆదిల్‌షా ఫిరంగులు ఒక్కసారిగా ప్రేలగా విజయనగర ముందువరుస చెదిరింది. రాయలు వెనుకనున్న దళంతో తానే ముందుకు దూకి శత్రువును కృష్ణదాకా తరిమినాడు. పిమ్మట కోటగోడపై నిలిచినవారిని ఫిగ్యూరెడో వెంటవచ్చిన కొద్దిమంది పోర్చుగీసు తుపాకిదారులు కొట్టడంతో, గోడ త్రవ్వేవారికి వెసులుబాటు చిక్కింది.

కళింగంలో చూపిన సంయమనం ఇచ్చట కానరాదు. ఆదిల్‌షా స్వయంగా వచ్చి పాదాన్ని ముద్దిడితే గాని భూమిని మరల ఇవ్వనని రాయలు పట్టుపట్టాడు. ముద్గల్లులో నిరీక్షించాడు. ఆదిల్‌షా రాలేదు. రాయలు బిజాపురం వెళ్లాడు. ప్రత్యర్థి అధికారులు చెరువుల గట్లు తెంచివేయగా, నీరు దొరకక వెనుదిరిగినట్లు న్యూనిజ్ కథనం. ఉదయగిరిలో కొండనే తొలిపించినవాడు ఈ నీటిసంగతి ముందుగా ఏల ఆలోచింపలేదో!

చివరి సంవత్సరాలు దుఃఖభరితాలు. పసివాడైన కుమారుడు తిరుమలరాయలు మరణించాడు. ఆ నేరం మోపి తిమ్మరుసును కారాగారంలో ఉంచారు. బెళగావిపై దండయాత్రకు సన్నాహాలు జరుగుతుండగా రాయలు వ్యాధిగ్రస్తుడై 1529లో కాలధర్మం చెందాడు. ఆదిల్‌షాతో వైరం అప్పటికీ తీరలేదు.