పాకిస్తాన్ మంత్రి, భారత కాందిశీకుడు

2019లో పౌరసత్వ చట్ట సవరణపై ఢిల్లీలో సాగిన వాదోపవాదాల కాలంలో జోగేంద్రనాథ్ మండల్ పేరు తరచు వినిపించింది. అయితే ఆయన కథలో సగమే చెబుతున్నారని నాకు తోచింది.

మండల్ 1904లో బారిసాల్ జిల్లాలో నామశూద్ర కుటుంబంలో జన్మించారు. తూర్పు బెంగాల్‌లో జమీందారులు అధికంగా అగ్రవర్ణ హిందువులు. నేల దున్నేవారు ముస్లిములు, నామశూద్రులు. ఈ ఉభయుల ప్రయోజనం ఒక్కటేనన్న విశ్వాసంతో ఆయన ముస్లిం లీగ్‌తో చేయి కలిపారు. 1946లో అంబేద్కర్ బెంగాల్ నుంచి రాజ్యాంగ పరిషత్తుకు ఎన్నిక కావడానికి పాటుపడ్డారు. 1947లో పాకిస్తాన్ తొలి న్యాయ, కార్మిక శాఖల మంత్రి అయ్యారు.

1950 ఫిబ్రవరి అల్లర్లు ఆ విశ్వాసాన్ని కూల్చివేశాయి. హిందువులు లక్షలాదిగా ఇటు, ముస్లిములు కూడా పెద్ద సంఖ్యలో అటు తరలిపోయారు. ఏప్రిల్ 8న నెహ్రూ, లియాఖత్ అలీ ఢిల్లీలో ఒడంబడిక చేసుకున్నారు. పంజాబ్ తరహా జనాభా మార్పిడి తూర్పున జరగరాదనీ, అల్పసంఖ్యాకులకు ఉన్నచోటనే రక్షణ కల్పించాలనీ దాని ఆశయం. ఆశయం ఉత్తమమైనదే. కాని దాని నీడలో తూర్పు కాందిశీకులు ఎప్పటికైనా తిరిగిపోయేవారుగానే లెక్కకు వచ్చారు. పంజాబ్ కాందిశీకులకు దక్కిన ఆస్తి పరిహారం వీరికి దక్కలేదు.

అదే ఏడు అక్టోబరులో మండల్ కలకత్తా నుంచి రాజీనామా పంపారు. అక్కడివారి దృష్టిలో ద్రోహి, ఇక్కడివారి దృష్టిలో లీగ్ మనిషి అయిన ఆయన మళ్ళీ చట్టసభ మెట్లెక్కలేదు. కాందిశీకుల నడుమనే పనిచేస్తూ 1968లో సరిహద్దు పట్టణమైన బన్‌గావ్‌లో కన్నుమూశారు.

మిగిలిన సగం కథ ఆయన జనానిది. ఢిల్లీలో ఉద్యోగాలున్న తూర్పు బెంగాల్ కాందిశీకులకు రాజధానిలోనే ఇళ్ళ స్థలాలు లభించాయి. నేటి చిత్తరంజన్ పార్క్ అదే. నామశూద్ర రైతులలో అనేకులకు 1958 నాటి దండకారణ్య పథకం కింద మన పొరుగునే ఉన్న కోరాపుట్, బస్తర్ అడవులు దక్కాయి. డెల్టా రైతులకు ఆ రాతినేల అచ్చిరాలేదు. 1978లో వేలాదిమంది బెంగాల్‌కు తిరిగివచ్చి సుందరవనాలలోని మరిచ్‌ఝాపి దీవిలో గుడిసెలు వేసుకున్నారు. 1979లో వామపక్ష ప్రభుత్వం దిగ్బంధం విధించి, పోలీసులను దింపి, వారిని వెళ్ళగొట్టింది. ప్రాణాలు పోయాయి.

వారిని సరిహద్దు దాటించినది మతం. దాటిన తరువాత ఎవరికి నగరం, ఎవరికి అడవి అన్నది చాలావరకు కులమూ, తరగతీ నిర్ణయించాయి. మండల్ పేరు తలచే నాయకులు మొదటి మాటతో ఆగిపోతున్నారు. రెండవ మాటకు జవాబు చెప్పవలసినది కరాచీ కాదు, మనమే.