రామానుజన్ చెప్పిన పాఠాలు

శ్రీనివాస రామానుజన్ పేరు వినగానే సంఖ్యాలోకంలో స్వేచ్ఛగా విహరించిన ఒక మేధావి రూపం మన మనస్సులో మెదలుతుంది. ఆ మేధావి యౌవనంలో కొంతకాలం ఇతరుల ఇళ్లకు వెళ్లి ప్రైవేటు చెప్పి జీవనం సాగించాలని ప్రయత్నించిన సంగతి అంతగా ప్రచారంలో లేదు. ఒక గురువు ఒకే శిష్యుణ్ణి ఎదుట కూర్చుండబెట్టుకొని సాగించే బోధనకు ఆయన జీవితంలో ప్రత్యేక స్థానముంది.

రామానుజన్ 1887 డిసెంబరు 22న నేటి తమిళనాడులోని ఈరోడులో మాతామహుల ఇంట జన్మించాడు. పెరిగింది మాత్రం కుంభకోణంలో. తండ్రి శ్రీనివాస అయ్యంగారు చీరల దుకాణంలో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దేవాలయంలో భజనలు పాడేది. వచ్చే ఆదాయం సంసారానికి చాలక, పై ఊళ్ల నుండి వచ్చి స్థానిక ప్రభుత్వ కళాశాలలో చదువుకొనే విద్యార్థులకు వారు తమ ఇంట బస, భోజనం ఏర్పాటు చేసేవారు. అలా ఉన్నవారిలో ఒకరు తిరునెల్వేలి, మరొకరు తిరుచిరాపల్లి ప్రాంతీయులు. దాదాపు పదకొండేళ్ల రామానుజన్‌కు గణితంపై గల ఆసక్తిని గమనించి, ఆ ఇద్దరూ తమకు తెలిసినదంతా అతనికి చెప్పారు. కొద్ది నెలలలోనే వారి విద్య అయిపోయింది. పిల్లవాని ప్రశ్నలు అయిపోలేదు. అప్పుడు వారు కళాశాల గ్రంథాలయం నుండి పుస్తకాలు తెచ్చి ఇవ్వసాగారు. వాటిలో లోనీ రచించిన త్రికోణమితి ఒకటి. పదమూడేళ్లు నిండేసరికి ఆ కళాశాల గ్రంథం అతనికి స్వాధీనమయింది.

ఆ విద్యార్థులు బోధనాశాస్త్రం అభ్యసించినవారు కారు. తమకు తెలియని చోట తెలిసినట్లు నటించలేదు. పిల్లవాడు తమను దాటిపోతున్నాడని అసూయపడనూ లేదు. అడిగిన పుస్తకం మోసుకొని వచ్చారు. రామానుజన్ గురువులను లెక్కించేవారు ఈ ఇద్దరినీ తరచు మరచిపోవడం నాకు న్యాయమనిపించదు.

1903 ప్రాంతంలో కార్ రచించిన ఒక గణిత సంగ్రహం రామానుజన్ చేతికి వచ్చింది. ఈ కార్ లండనులో విద్యార్థులను పరీక్షలకు సిద్ధంచేసిన ప్రైవేటు ఉపాధ్యాయుడు. ఆ బోధన కోసం వ్రాసుకొన్న సూత్రాలే గ్రంథరూపం దాల్చాయి. సుమారు 5,000 ఫలితాలున్న ఆ పుస్తకంలో పూర్తి నిరూపణలు అరుదు. గురువు పక్కనుండి వివరిస్తాడు గనుక శిష్యునికి సూత్రం చాలు. రామానుజన్‌కు ఆ గురువు పక్కన లేడు. ప్రతి ఫలితాన్నీ తానే సాధించుకోవలసి వచ్చింది. ఫలితాన్ని వ్రాసి నిరూపణను విడిచిపెట్టే అలవాటు ఆయనకు ఈ గ్రంథం వల్లనే అబ్బిందని పలువురు పండితుల అభిప్రాయం.

1904లో ఉపకార వేతనంతో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. తరగతిలో చేరాడు. మీరు చదువుతున్న ఇంటర్మీడియట్‌కు అది నాటి రూపం. గణితం తప్ప మరేదీ చదవనందున ఆంగ్లంలో తప్పి, వేతనం కోల్పోయాడు. 1905 ఆగస్టులో ఇంట ఎవరికీ చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయాడు. తల్లిదండ్రులు తల్లడిల్లి వెదికించారు. తప్పిపోయిన బాలుని గురించి హిందూ పత్రికలో ప్రకటన వెలువడింది. తిరిగివచ్చి 1906లో మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరినా ఎఫ్.ఏ. గట్టెక్కలేదు.

చేతిలో పట్టం లేదు, ఉద్యోగం లేదు. అందుకే కుంభకోణంలో ప్రైవేటు చెప్పడానికి పూనుకొన్నాడు. ప్రభుత్వ కళాశాలలో తత్త్వశాస్త్ర ఆచార్యుని కుమారుడు ఆయన శిష్యులలో ఒకడు. నెలకు 7 రూపాయల ప్రతిఫలం. రామానుజన్ తెల్లవారగానే ఊరి ఆ చివర ఉన్న వారింటికి నడచి వెళ్లి బీజగణితం, రేఖాగణితం, త్రికోణమితి చెప్పేవాడు. నిన్న ఒక పద్ధతిలో చేసిన లెక్కను బాలుడు నేడు మళ్లీ అడిగితే, సరికొత్త పద్ధతి అప్పటికప్పుడు పుట్టుకొచ్చేది. గోడ ఎత్తు కనుగొనే లెక్క వస్తే, ఆ ఎత్తు చీమకు ఎంతగా తోస్తుంది, గేదెకు ఎంతగా తోస్తుంది అన్న విచారణలోకి మాట మళ్లేది. బడిలోని ఉపాధ్యాయుడు ఎన్నడూ అడుగుపెట్టని చోట్లకు పాఠం వెళ్లిపోయేది.

ఆయన వేసే చిక్కుప్రశ్నలలో ఒకటి చూడండి. భూమధ్యరేఖ పొడవు సుమారు 25,000 మైళ్లు. దాని వెంట భూమికి ఒక నడికట్టు బిగించామనుకొందాం. ఆ నడికట్టు పొడవును రెండు ‘పై’ల అడుగులు, అనగా ఆరడుగులకు కొంచెం ఎక్కువగా పెంచితే, అది నేలకు ఎంత ఎత్తున నిలుస్తుంది? వెంట్రుకవాసి కూడా లేవదని ఎవరికైనా తోస్తుంది. నిజానికి చుట్టూ ఒక అడుగు ఎత్తున నిలుస్తుంది. వృత్త పరిధి వ్యాసార్ధానికి రెండు ‘పై’ల రెట్లు కదా! పరిధి రెండు ‘పై’ల అడుగులు పెరిగితే వ్యాసార్ధం ఒక అడుగు పెరిగి తీరాలి. భూగోళానికి బదులు నిమ్మకాయను తీసుకొన్నా సమాధానం అదే. ఇంతకంటె చక్కని పాఠం ఏ గణిత వాచకంలో ఉంటుంది?

ఆ బాలుడు ఈ గురువును ఎంతో అభిమానించాడు. కాని ఉన్నత పాఠశాలలో రామానుజన్‌తో కలిసి చదివిన మరొకరు బి.ఏ. పరీక్ష కోసం కలన గణితం చెప్పించుకోబోయి రెండు వారాలకే విరమించుకొన్నాడు. రామానుజన్ అనంతాన్ని గూర్చి, అత్యల్ప రాశులను గూర్చి తప్ప మరొకటి మాట్లాడలేదట. పరీక్ష తలమీద ఉన్నవాడు అలా మానుకోవడంలో తప్పు పట్టవలసినది లేదు. అయితే ఒక్కొక్క శిష్యుడు దూరమైనకొద్దీ ఆ ఇంటి రాబడి తరిగిపోయేది. కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’లో ఇద్దరు నాట్యాచార్యుల ఆధిక్యాన్ని తేల్చడానికి వారిని నర్తింపమనలేదు; శిష్యుల ప్రదర్శనను చూడాలన్నారు. ఆ తూనికలో రామానుజన్ తూగడం కష్టం.

1909లో జానకితో వివాహం జరిగింది. పోషణభారం పెరిగింది. 1910 చివర ఆయన నెల్లూరు కలెక్టరు రామచంద్రరావును ఆశ్రయించాడు. గణిత పట్టభద్రుడైన ఆ అధికారికి మొదట ఆ నోటుపుస్తకాలు అంతుబట్టలేదు. అప్పుడు రామానుజన్ తన ఫలితాలలో సులభమైన వాటిని ముందు చూపి, క్రమంగా ఒక్కొక్క మెట్టు ఎక్కిస్తూ గహనమైన శ్రేణుల వరకు తీసుకొనిపోయాడు. పసివానికి చెప్పడంలో తప్పిన క్రమం కలెక్టరుకు చెప్పడంలో కుదిరింది. సందేహం తీరిన రామచంద్రరావు ఏమి కావాలని అడిగితే, పరిశోధన సాగించడానికి తిండికి లోటు లేకుంటే చాలునన్నాడు. నెలకు 25 రూపాయల సహాయం లభించింది. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరాడు.

1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి వ్రాసిన లేఖ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1914 మార్చి 17న ఓడ ఎక్కాడు. హార్డీకి అక్కడ ఒక చిక్కు ఎదురయింది. ఈ యువకునికి ఆధునిక గణితంలో ముఖ్యభాగాలు తెలియవు; నిరూపణ అంటే ఏమిటో స్పష్టమైన భావన లేదు. అట్లని మొదటి నుండి క్రమబద్ధంగా నేర్పబోతే ఆత్మవిశ్వాసం చెదరి, ప్రతిభ మూగపోవచ్చు. బోధన పనిలో సహోద్యోగి లిటిల్‌వుడ్ పాలుపంచుకొన్నాడు. ఆయన అవసరమనుకొన్న ఒక విషయం ఎత్తుకొనగానే, దానిపై రామానుజన్ నుండి కొత్త ఊహలు వరదలా వచ్చిపడేవి. పాఠం అక్కడే ఆగిపోయేది. చివరకు తాను నేర్పినదానికంటె నేర్చుకొన్నదే అధికమని హార్డీ నిస్సంకోచంగా చెప్పుకొన్నాడు. ఎఫ్.ఏ. దాటలేని రామానుజన్ 1916లో పరిశోధన ద్వారా కేంబ్రిడ్జి బి.ఏ. పొందాడు. 1918లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

రోగపీడితుడై 1919లో స్వదేశం చేరినా గణితం విడిచిపెట్టలేదు. 1920 జనవరిలో హార్డీకి వ్రాసిన చివరి లేఖలో ‘మాక్ థీటా’ ప్రమేయాలనే కొత్త అంశాన్ని వివరించాడు. ఏప్రిల్ 26న మద్రాసులో, ముప్పది మూడేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. ఆయన మూడు నోటుపుస్తకాలలో మూడువేలకు పైగా ఫలితాలు మిగిలాయి. వాటిలో చాలావాటికి నిరూపణలు లేవు. అమెరికా గణితవేత్త బ్రూస్ బెర్న్‌ట్ వాటిని ఒక్కొక్కటిగా పరిశీలించి, నిరూపణలు సమకూర్చి ఐదు సంపుటాలుగా వెలువరించాడు. 1985లో మొదటిది వచ్చింది. ఐదవది 1998లో గాని పూర్తికాలేదు.