అడవిగుఱ్ఱముల ఆప్తురాలు

నోరులేని జీవుల బాధను తన బాధగా తలచువారు లోకమున అరుదు. అట్టివారిలో ఎన్నదగినది వెల్మా జాన్‌స్టన్.

ఆమె 1912వ సంవత్సరమున అమెరికాలోని నెవాడా రాష్ట్రమున, రీనో నగరమందు జన్మించెను. ఆమె తండ్రి గుఱ్ఱపుబండ్లపై సరకులు చేరవేయుచు జీవించెడివాడు. అందుచే పసితనముననే ఆమెకు గుఱ్ఱములతో చెలిమి కలిగెను. పదునొకండవ యేట ఆమెకు పోలియో వ్యాధి సోకెను. నెలల తరబడి పిండికట్టుతో ఆసుపత్రిలో పడియుండవలసి వచ్చెను. కట్టు విప్పునప్పటికి ముఖము వంకరపోయెను. తోడిపిల్లలు గేలిచేయగా, ఆ బాలిక జంతువుల చెంత ఊఱట పొందెను. పెద్దదైన పిమ్మట ఆమె ఒక బీమా కార్యాలయమున కార్యదర్శినిగా పనిచేసెను.

1950లో ఒకనాటి ఉదయమున ఆమె కారులో పనికి పోవుచుండగా, ముందు పోవు లారీనుండి నెత్తురు కారుచుండుట కనబడెను. వెల్మా దానిని వెంబడించెను. లారీనిండ గాయపడిన అడవిగుఱ్ఱములు! వాని కాళ్లక్రింద ఒక గుఱ్ఱపుపిల్ల నలిగిపోవుచుండెను. గుఱ్ఱములను విమానములతో తఱిమి, అలసినవానిని పట్టి, పెంపుడు జంతువుల ఆహారమునకై కబేళాలకు పంపుట ఆనాడు ఒక వ్యాపారము. ఆ దృశ్యము ఆమె జీవితమునే మార్చివేసెను.

పగలు ఉద్యోగము చేయుచు, రాత్రులు ఉత్తరములు వ్రాయుచు ఆమె పోరాడెను. ప్రత్యర్థులు పరిహాసముగా ఆమెను అడవిగుఱ్ఱాల ఆన్నీ యనిరి. ఆమె ఆ పేరునే బిరుదముగా ధరించెను. ప్రభుత్వభూములలో విమానములతోను, మోటారుబండ్లతోను అడవిగుఱ్ఱములను వేటాడుట 1959లో నిషేధింపబడెను. అంతటితో ఆమె ఆగలేదు. ఆమె ప్రేరణచే వేలకొలది బడిపిల్లలు ప్రజాప్రతినిధులకు ఉత్తరములు వ్రాసిరి. 1971లో అమెరికా చట్టసభలు రెండును ఏకగ్రీవముగా అడవిగుఱ్ఱముల రక్షణచట్టమును ఆమోదించెను.

అప్పుడు క్రొత్తచిక్కు వచ్చిపడెను. మందలు పెరిగినకొలది బీళ్లలో గడ్డియు, నీరును చాలవయ్యెను. మిగిలినవానిని ఏమి చేయవలెను? ఆమె కోరినది వాని స్వేచ్ఛ. ఐనను ఆకలిచావుకంటె మంచి యిల్లు మేలు కదా! అందుచే దత్తత విధానము 1973లో మోంటానా ప్రాంతపు ప్రయర్ పర్వతములలో ప్రారంభమై, 1976లో దేశమంతట వ్యాపించెను. అడిగినవారికెల్ల గుఱ్ఱము నిచ్చుట తగదు. చాలినంత చోటు, గట్టి కంచె, మేత, నీరు ఉండవలెను. అంతకుమించి ఓర్పు ఉండవలెను. అడవిలో పుట్టిన పిల్ల మనుష్యుని చూచి బెదరును. దానిని కొట్టి లొంగదీయరాదు. ప్రతిదినము మేతతో దరిజేరి, మెల్లగా మచ్చిక చేసికొనవలెను. తగినవారెవరో పరీక్షించుటలో ఆమె స్థాపించిన సంఘము తోడ్పడెను.

1977వ సంవత్సరమున వెల్మా పరమపదించెను. మఱుసటి యేడు, ఒక సంవత్సరము చక్కగా పోషించినవారికే గుఱ్ఱముపై హక్కు నిచ్చు నియమము చట్టమున చేరెను.

బాల్యమున తాను గేలికి గురియైనను ఆమె మనస్సు కఠినము కాలేదు. తన బాధనుండియే పరుల బాధ నెఱుగ నేర్చెను. దేహమందలి లోపము సత్కార్యమునకు అడ్డు కాజాలదని ఆమె జీవితము చాటుచున్నది.