ఎండెన్ కెప్టెన్ ముల్లర్

చిన్నతనంలో మైపాడులో నేను అన్నం తినకుండా మారాం చేస్తే, ఎండెను వస్తుందని మా అవ్వ భయపెట్టేది. అదేదో బూచి పేరనుకునేవాణ్ణి. హైస్కూలుకు వచ్చాక గాని అది జర్మన్ యుద్ధనౌక పేరని తెలియలేదు. 1914లో అవ్వ కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. మద్రాసు మీద గుండ్లు పడ్డాయని తెలిశాక మా ఊళ్లో కొన్నాళ్లు రాత్రిపూట దీపం పెట్టడానికే జంకారట. ఈ ప్రత్యేక సంచికకు సముద్రం గురించి రాయమని కార్యదర్శిగారు అడగగానే, ఆ ఓడకన్నా ముందు దాన్ని నడిపిన మనిషి గుర్తుకు వచ్చాడు.

ఆయన పేరు కార్ల్ వాన్ ముల్లర్. 1873 జూన్ 16న జర్మనీలోని హానోవర్‌లో పుట్టాడు. తండ్రి సైన్యంలో కల్నల్. కొడుకు మాత్రం 1891లో నౌకాదళంలో చేరాడు. ఉద్యోగం తొలిరోజుల్లో తూర్పు ఆఫ్రికా తీరంలో పనిచేస్తుండగా మలేరియా పట్టుకుంది. అది జీవితాంతం వదల్లేదు. మితభాషి, బిడియస్థుడు. నలభయ్యో ఏట, 1913లో, చైనా తీరంలో ఉన్న ఎండెన్‌కు కెప్టెన్ అయ్యాడు.

1914 ఆగస్టులో యుద్ధం రాగానే ఆయన ఒంటరిగా హిందూ మహాసముద్రంలోకి వచ్చాడు. చుట్టూ శత్రువుల రేవులే. బొగ్గు పోసేవాడు లేడు, మరమ్మతు చేసేవాడు లేడు. ఎండెన్‌కు మూడు పొగగొట్టాలైతే, దూరం నుంచి ఇంగ్లీషు ఓడలా కనపడాలని నాలుగోది ఉత్తుత్తిది నిలబెట్టారు. బొగ్గు ఓడను వెంటపెట్టుకుని, నడిసముద్రంలో రెండు ఓడలనూ పక్కపక్కన కట్టి, కెరటాలకు అవి ఢీకొంటుంటే ఆ ఎండలో బస్తాలు మోయాలి. సెప్టెంబరులో బంగాళాఖాతంలో ఇండస్ అనే ఓడను పట్టుకున్నప్పుడు అందులో దొరికిన సబ్బులకే నావికులు పండగ చేసుకున్నారు. ఒళ్లంతా బొగ్గు మసి, సబ్బు నిండుకుంది మరి!

కెప్టెన్‌కు షిఫ్టు ఉండదు. మన ఆఫీసుల్లో మాదిరి సెలవు పెట్టి పక్కవాడికి ఛార్జి అప్పగించి పోవడం కుదరదు. ముల్లర్ గదిలో పడుకోవడం మానేసి, ఓడ నడిపే వంతెన మీదే కుర్చీలో కునుకు తీసేవాడు. ఎక్కడైనా పొగ కనపడితే లేపాలి. అది సరుకు ఓడో, తనను ముంచే యుద్ధనౌకో తేల్చవలసింది ఆయనే. పట్టుకున్న ఓడలను ముంచే ముందు అందులో వాళ్లందరినీ దించేవాడు. కబింగా అనే ఓడలో కెప్టెన్ భార్యాబిడ్డలు ఉన్నారని దాన్ని ముంచక, ఖైదీలను అందులో ఎక్కించి వదిలేశాడు.

1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మద్రాసు వెలుతురులో వెలిగిపోతోంది. గాయమైతే చీము పట్టకూడదని ముందుగా అందరూ స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకున్నారు. 125కు పైగా గుండ్లు పేల్చారు. బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులు అంటుకున్నాయి. కొద్దిమంది చనిపోయారు. వేలమంది పట్నం విడిచి పారిపోయారు. ఇక్కడే మన తీరం కథలోకి వస్తుంది. ఎండెన్ ఒకవైపు దీపాలు కనపడేటట్టు ఉత్తరానికి, అంటే మన నెల్లూరు వైపుకు, బయలుదేరి, కాస్త దూరం పోయాక దీపాలన్నీ ఆర్పి దక్షిణానికి తిరిగిపోయింది. మా అవ్వ వాళ్లు భయపడింది ఊరికే కాదు.

నవంబరు 9న అదృష్టం తిరగబడింది. కోకోస్ దీవుల్లో వైర్‌లెస్ స్టేషనును పాడుచేయడానికి తన ముఖ్య సహాయకుడు మ్యూకేతో 50 మందిని ఒడ్డుకు పంపాడు. స్టేషను వాళ్లు అంతలోనే కబురు పంపేశారు. ఆస్ట్రేలియా నౌక సిడ్నీ వచ్చింది. ఒడ్డున ఉన్నవాళ్లను ఎక్కించుకునే వ్యవధి లేక, వాళ్లను వదిలి పోరాటానికి పోవలసి వచ్చింది. సిడ్నీ పెద్దది, దాని ఫిరంగులూ పెద్దవి. గంటన్నర దాటేసరికి ఎండెన్ శిథిలమైంది. మునిగితే అందరూ పోతారని ముల్లర్ దాన్ని నార్త్ కీలింగ్ దీవి పగడపు దిబ్బ మీదకు ఎక్కించాడు.

అయినా జెండా ఇంకా ఎగురుతూనే ఉంది. సిడ్నీ వేరే ఓడను తరుముకుని పోయి తిరిగి వచ్చి, లొంగిపోతారా అని సంజ్ఞ చేసింది. సంకేతాల పుస్తకాలు లేక వీళ్లు సరిగా జవాబివ్వలేకపోయారు. మళ్లీ గుండ్లు పడ్డాయి. అప్పుడు జెండా దించారు. మొత్తం 130 మందికి పైగా చనిపోయారు. గాయపడ్డవారు నీళ్లు లేక అలమటిస్తూ మర్నాటిదాకా ఆ శిథిలంలోనే ఉన్నారు. ఇంకాస్త ముందే జెండా దించి ఉంటే కొందరైనా బతికేవారు కదా అని నాకనిపిస్తుంది. పడక కుర్చీలో కూర్చుని ఈ మాట అనడం తేలికే. ఒడ్డున మిగిలిన మ్యూకే బృందం మాత్రం అయేషా అనే పాత తెరచాప ఓడ ఎక్కి, అరేబియా మీదుగా 1915లో ఇస్తాంబుల్ చేరింది.

ముల్లర్‌ను మాల్టాలోను, 1916 నుంచి ఇంగ్లండులోను ఖైదులో ఉంచారు. 1917లో సొరంగం తవ్వి ఇరవై మందికి పైగా తోటివారితో పారిపోయి పట్టుబడ్డాడు. మలేరియా మూలంగా 1918 మొదట్లో హాలండు పంపారు. ఆ అక్టోబరులో స్వదేశం చేరాడు. అనారోగ్యంతో 1919లో పదవీ విరమణ చేశాడు. పుస్తకం రాయమని ఎందరడిగినా రాయలేదు. తోటివాళ్ల రక్తం అమ్ముకున్నట్టు ఉంటుందన్నది ఆయన బాధ. 1920లో పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు కూతుళ్లు. 1923 మార్చి 11న, యాభయ్యో ఏడు నిండకుండానే, హఠాత్తుగా కన్నుమూశాడు.

చెన్నై హైకోర్టు తూర్పు ప్రహరీ దగ్గర, ఆ రాత్రి గుండు పడిన చోట, శిలాఫలకం ఉంది. పింఛను పనులకో మనవళ్లను చూడటానికో అటు వెళ్లే మిత్రులు ఓ నిమిషం ఆగి చూడవచ్చు.