మొదటి సాలార్ జంగ్: ఒక నిర్ణయం, దాని వెల

తరగతిలో హైదరాబాద్ చరిత్ర ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా విద్యార్థుల నుండి ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది. 1857లో ఉత్తర హిందూస్థానమంతటా తిరుగుబాటు చెలరేగిన వేళ ఆంగ్లేయుల పక్షాన నిలిచిన దివానును మహనీయుడని ఎట్లా అనగలమని వారి సందేహం. ఒక్క వాక్యంతో సమాధానం చెప్పి తప్పించుకోవడం సులభమే గాని న్యాయం కాదు. చిక్కు సమయంలో మనిషి ఎట్లా ఆలోచిస్తాడో, తీసుకున్న నిర్ణయం అతనిని జీవితాంతం ఎట్లా వెంటాడుతుందో తెలుసుకోగోరే యువకులకు ఆయన జీవితం కంటె మంచి పాఠ్యగ్రంథం మన నగరంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

మ్యూజియం పేరు విని చాలామంది పొరబడుతుంటారు. మూసీ ఒడ్డున మనం చూసే ఆ కళాఖండాలలో అధిక భాగం సేకరించినవారు మనుమడైన మూడవ సాలార్ జంగ్. ఇక్కడ చెప్పబోయేది తాతగారైన మీర్ తురాబ్ అలీ ఖాన్ కథ. ఆయన 1829 జనవరి 21న జన్మించారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయి బంధువుల సంరక్షణలో పెరిగారు. పార్సీ, అరబ్బీలతో పాటు ఆంగ్లం కూడా అభ్యసించారు. ఇరవయ్యేళ్ళు నిండకముందే కొన్ని తాలూకాల వ్యవహారం చేతికి రావడంతో రైతు నుండి ఖజానా వరకు రూపాయి ఏయే చేతులు మారి, ఎంత అరిగి చేరుతుందో కళ్ళారా చూశారు. ఆ అనుభవమే తరువాత ఆయనకు పెట్టుబడి అయింది.

1853 మే నెలలో నిజాం ప్రభుత్వం కంటింజెంట్ సైన్యం ఖర్చుల క్రింద సారవంతమైన బేరారును కంపెనీ స్వాధీనం చేయవలసి వచ్చింది. సంధి జరిగిన కొద్ది రోజులకే దివానుగా ఉన్న పినతండ్రి సిరాజుల్ ముల్క్ కన్నుమూశారు. ఇరవై నాలుగేళ్ళ యువకుని భుజాలపై దివానుగిరీ పడింది. ఖజానా ఖాళీ, సిపాయిల జీతాలు బకాయి, అప్పులిచ్చిన సాహుకార్లు, అరబ్బు జమేదార్లు తాలూకాలను తనఖా పట్టుకుని శిస్తు స్వయంగా వసూలు చేసుకుంటున్నారు.

అటువంటి స్థితిలో ఆవేశపరుడైన యువకుడు ముందుగా ఆ జమేదార్లపై కత్తి దూసి ఉండేవాడు. సాలార్ జంగ్ ఆ పని చేయలేదు. వారి బలమంతా రాజ్యం చేసిన అప్పులో ఉన్నదని ఆయన గ్రహించారు. ఒక్కొక్క తాలూకాను విడిపించుకుంటూ వచ్చారు. గుత్తకు శిస్తు వసూలు చేసే పద్ధతిని తగ్గించి, జీతం తీసుకునే తాలూకాదార్లను నియమించారు. 1865లో జిలాబందీ అమలుచేసి రాజ్యాన్ని జిల్లాలుగా ఏర్పరచారు. నేడు మనం జిల్లా అని అలవోకగా అనే మాట వెనుక ఇంతటి ఓపిక ఉన్నది. శత్రువును కొట్టడం కంటె శత్రువును పోషిస్తున్న కారణాన్ని తొలగించడం ఆయన పద్ధతి. దీనికి కాలం ఎక్కువ పడుతుంది; చప్పట్లు తక్కువ వస్తాయి. మన పొరుగున ఫిల్మ్ నగర్‌లో అల్లే కథలకు ఇది బొత్తిగా పనికిరాదు!

ఇక 1857. ఆ సంవత్సరం మే నెలలో నిజాం నసీరుద్దౌలా మరణించి అఫ్జలుద్దౌలా గద్దెనెక్కారు. జులై 17 సాయంకాలం తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వాన రోహిల్లాలు కోఠీలోని రెసిడెన్సీపై దాడి చేశారు. నాటికి ఢిల్లీ ఇంకా తిరుగుబాటుదారుల చేతిలోనే ఉన్నది. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియదు. జరిగిన తరువాత చదువుకునే మనకు ఫలితం తెలుసు, ఆయనకు తెలియదు. ఈ భేదాన్ని మరచి తీర్పు చెప్పడం విద్యావంతులకు తగదు. ప్రక్కనే సికింద్రాబాదులో ఆంగ్ల సైన్యం, గద్దెపై రెండు నెలల నాటి ప్రభువు, నాలుగేళ్ళుగా అప్పుడప్పుడే కోలుకుంటున్న ఖజానా. ఓడితే రాజ్యమే మిగలదని ఆయన లెక్క. రెసిడెంట్‌కు ముందే హెచ్చరిక పంపారు, దాడి విఫలమైంది. తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడి, చెర నుండి తప్పించుకుని, 1859 జనవరిలో తూప్రాన్ సమీపాన హతుడైనాడు. మౌల్వీ అండమాన్‌కు పంపబడి అక్కడే ప్రాణం విడిచారు. మోతీనగర్ నుండి కోఠీకి వెళ్ళే విద్యార్థులు ఆ రెసిడెన్సీ భవనాన్ని చూసే ఉంటారు. దాని ప్రక్కనున్న వీధికి నేడు తుర్రేబాజ్ ఖాన్ పేరు ఉన్నది, దివాను పేరు కాదు. అది సముచితమేనని నేనూ అంగీకరిస్తాను. ప్రాణమిచ్చినవాని ఋణం లెక్కలతో తీరేది కాదు.

దివానుకూ వెల చెల్లించక తప్పలేదు. 1859లోను, మరల 1868లోను ఆయనపై హత్యాప్రయత్నాలు జరిగాయి. ప్రభువుకు పూర్తి విశ్వాసం కుదరలేదు. 1869లో అఫ్జలుద్దౌలా మరణించే వరకు అనుమతి లేనిదే నగరం దాటి వెళ్ళే స్వేచ్ఛ కూడా దివానుకు లేదు. తాను తీర్చిదిద్దిన జిల్లాలను కాగితాలలోనే చూడవలసి వచ్చింది.

ఆయన లెక్క తప్పిన చోటు మరొకటి. చేసిన సహాయానికి ఆంగ్లేయులు కృతజ్ఞత చూపుతారని, బేరారు తిరిగి వస్తుందని నమ్మారు. 1860 సంధిలో రాయచూరు అంతర్వేది, నల్దుర్గం తిరిగి వచ్చాయి. 50 లక్షల ఋణం రద్దయింది. బేరారు మాత్రం రాలేదు. ముందుగా షరతు పెట్టకుండా చేసిన ఉపకారం గ్రహీత దృష్టిలో త్వరగా పాతబడుతుంది. అయినా ఆయన విడవలేదు. బాల నిజాం మహబూబ్ అలీ ఖాన్ తరఫున రాజ్యభారం వహిస్తూనే ఉత్తరం వెంట ఉత్తరం వ్రాయించారు. 1876లో ఐరోపా యాత్రలో పారిస్ నగరాన జారిపడి కాలు విరిగినా లండన్ ప్రయాణం మానలేదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. లండన్ నగరం సన్మానించింది. బేరారు సంగతి మాత్రం సాగలేదు.

లోపాలు లేవని కాదు. పాలనకు ఉత్తరాది నుండి సమర్థులను రప్పించారు గాని, స్థానికులలో అది అసంతృప్తిని నాటింది. పార్సీపై మమకారంతో కచేరీ భాషను మార్చనీయలేదు. ఆయన మరణానంతరం, 1884లో ఉర్దూ వచ్చింది. జిలాబందీలో అధిక భాగం తెలుగు రైతులే అయినా వారి భాషకు కచేరీలో చోటు అప్పుడూ లేదు, తరువాతా రాలేదు. రూపాయి దారిని అంత శ్రద్ధగా గమనించిన ఆయన మాట దారిని గమనించలేదు. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు ఈ లోటు విడమరచి చెప్పనక్కరలేదు.

1874లో వాడి నుండి హైదరాబాదుకు రైలు వచ్చింది. ఆయన కాలంలోనే మదర్సా-ఎ-ఆలియా వెలసింది. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి ఆయన తమ యాభై నాలుగేళ్ళ వయసులో పరమపదించారు. దాయిరా మీర్ మోమిన్‌లో వంశీయుల సమాధుల నడుమ ఖననం చేశారు. పందొమ్మిదేళ్ళ తరువాత, 1902లో, బేరారు సాలుకు 25 లక్షల రూపాయల శాశ్వత కౌలుకు ఆంగ్లేయుల పరమైంది.